పెళ్లి వీడియోను ఏవీ1లోకి మార్చాలంటే

ఏవీ1 అంటే వీడియోను తక్కువ చోటులో కుదించే పద్ధతి (కోడెక్). దానికి వీడియోలను మార్చే ఉచిత ప్రోగ్రామ్ హ్యాండ్‌బ్రేక్ 1.6 గానీ, ఆ తర్వాతి వెర్షన్ గానీ కావాలి. వీడియోగ్రాఫర్ ఇచ్చిన పెద్ద ఫైల్‌నే వాడండి. వాట్సాప్‌లో వచ్చింది అప్పటికే నలిగిపోయి ఉంటుంది.

సమ్మరీ ట్యాబ్‌లో ఫైల్ రకంగా ఎమ్‌కేవీ, వీడియో ట్యాబ్‌లో 'ఏవీ1 10-బిట్ (ఎస్‌వీటీ)' ఎంచుకోండి. మూలం 8-బిట్‌దైనా, రంగు ఛాయలు ఎక్కువుండే 10-బిట్టే పెట్టండి. స్టేజీ లైట్ల వెలుగు మెట్లు మెట్లుగా విడిపోకుండా ఉంటుంది.

చాలామంది పొరపడేది ఆర్‌ఎఫ్ (నాణ్యతను నిర్ణయించే అంకె; అది తగ్గేకొద్దీ నాణ్యత, ఫైల్ సైజు పెరుగుతాయి) దగ్గర. పాత కోడెక్ హెచ్.264కు 20–22 పెట్టడం అలవాటు. అక్కడ కొలత 51తో ఆగుతుంది, ఇక్కడ 63 దాకా పోతుంది. అదే 20 ఇక్కడా పెడితే ఫైల్ తగ్గకపోగా ఒక్కోసారి పెరుగుతుంది కూడా. 1080పీకి 30తో మొదలుపెట్టి, బొమ్మ చెదిరితే 27కు దించండి. ప్రీసెట్ (మార్చే వేగం) 6 చాలు. 4 కంటే కిందికి దిగితే గంటలు పెరుగుతాయే గానీ తేడా కంటికి ఆనదు.

మొత్తం మార్చేముందు రేంజ్‌లో సెకన్లు ఎంచుకుని, తలంబ్రాలు పోసే ఒక నిమిషం మార్చి చూడండి. గాల్లో ఎగిరే బియ్యపు గింజల కంటే ఏ కోడెక్‌కైనా గట్టి పరీక్ష ఉండదు.

పాత డీవీడీ అయితే ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేయాలి. లేదంటే కదిలే చేతుల అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు కొత్త ఫైల్‌లో అలాగే ఉండిపోతాయి. ఆడియోకు ఓపస్, స్టీరియో అయితే 128 కేబీపీఎస్.

హెచ్.264 తర్వాతి కోడెక్ హెచ్.265 ఉండగా ఇదెందుకంటారా? 2013లో అది వచ్చాక పేటెంట్ రుసుము అడిగే కూటములు ఒకటికి రెండయ్యాయి. ఎవరికెంత కట్టాలో తేలని ఆ చిక్కు నుంచే 2015లో గూగుల్, మొజిల్లా, సిస్కో వంటి సంస్థలు చేరిన అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా పుట్టింది. గూగుల్ వీపీ10, మొజిల్లా డాలా, సిస్కో థోర్ అనే కోడెక్‌లలోని పనితనం కలిసి 2018లో ఏవీ1 అయింది. గూగుల్ వైపు వేరు ఇంకా పాతది: ఆన్2 సంస్థ 2001లో వీపీ3ని ఓపెన్‌సోర్స్ చేస్తే దానిమీద థియోరా అనే కోడెక్ వచ్చింది. 2010లో ఆన్2ను కొన్న గూగుల్ వీపీ8ని ఓపెన్‌సోర్స్ చేసింది. రాయల్టీ లేదన్నది అలయన్స్ మాట; పేటెంట్ల లైసెన్సులు ఇచ్చే సంస్థ సిస్వెల్ మాత్రం ఏవీ1కూ పేటెంట్ పూల్ (పలువురి పేటెంట్లకు ఒకేచోట రుసుము తీసుకునే ఏర్పాటు) పెట్టింది. ఇంట్లో చూసుకునేవారికి ఆ గొడవ తగలదు.

తగిలేది ప్లేబ్యాక్. ఏవీ1 హార్డ్‌వేర్ డీకోడర్ (వీడియోను చిప్‌లోనే విప్పే భాగం) ఐఫోన్లలో 15 ప్రోతోనే మొదలైంది. అంతకుముందువాటిలో వీఎల్‌సీ ప్లేయర్‌తో చూడొచ్చు గానీ, బ్యాటరీ త్వరగా దిగుతుంది. పాత టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే బొమ్మే రాదు. బంధువులకు పంపడానికి హెచ్.264 కాపీ ఒకటి విడిగా ఉంచండి.