రాస్తారోకోకి వెళ్తున్నారా? అవతల వాళ్లు ఏం చేస్తారో ముందే తెలుసుకోండి

మా వైపు వడ్లు కాంటా పెట్టకపోతే రైతులు బస్తాలు తెచ్చి రోడ్డుకి అడ్డంగా వేస్తారు, పది నిమిషాల్లో రెండు వైపులా లారీలు ఆగిపోతాయి, కాసేపటికి ఎస్సై, ఆ వెనకాల తహసీల్దార్. ఎప్పుడూ ఇదే వరస, తెలిస్తే కంగారుండదు.

పిలుపు పెద్దదైతే తెల్లారకముందే ఇంటి ముందు జీపు ఉంటది. ముందస్తు అరెస్టు అంటారు, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 170, పాత సీఆర్‌పీసీలో 151. వేరే కేసు లేకపోతే 24 గంటలు దాటి ఉంచకూడదు, అందుకే తీసుకెళ్లిన టైం రాసుకోండి, ఏ స్టేషనో ఇంట్లో చెప్పండి.

జనం గుమిగూడొద్దని పెట్టే ఆర్డర్‌ని అందరూ ఇంకా 144 అనే అంటారు గానీ 2024 జులై 1 నుంచి అది బీఎన్ఎస్ఎస్ 163. ఆర్డర్ ఉందంటే కాపీ చూపించమనండి. ఏపీలో 2023 జనవరిలో రోడ్ల మీద సభలకి అడ్డుకట్టగా జీవో 1 తెస్తే మేలో హైకోర్టు కొట్టేసింది. అలాగని రోడ్డు మనదే అనుకోకండి, ఢిల్లీలో రోడ్డు మీద నెలల తరబడి సాగిన షాహీన్‌బాగ్ నిరసన కేసులో 2020లో సుప్రీంకోర్టు నిరసన హక్కేగానీ పబ్లిక్ రోడ్డు మీద ఎన్నాళ్లైనా కూర్చుంటామంటే కుదరదని చెప్పేసింది.

రోడ్డు మీద కూర్చున్నాక ముఖ్యమైంది అంబులెన్స్. ఇద్దరు కుర్రాళ్లని దానికే పెట్టండి, దారిస్తున్నప్పుడు వీడియో తీయించండి, తర్వాత అదే మిమ్మల్ని కాపాడుద్ది. టైర్లు మాత్రం కాల్చొద్దు, నేషనల్ హైవేని తిరగడానికి వీల్లేకుండా పాడుచేస్తే హైవే చట్టం 8బి కింద ఐదేళ్ల దాకా జైలు. ఊరికే అడ్డంగా కూర్చుంటే మామూలుగా పడేవి బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 126, 285, రెండూ బెయిలబులే.

తహసీల్దార్ వచ్చి హామీ ఇస్తే లేవడంలో తప్పేం లేదు కానీ తేదీ వేసి సంతకంతో రాయించుకోండి. మేమోసారి "రేపే లారీలొస్తాయి" అన్న నోటిమాటకి లేచాం, నాలుగు రోజులకీ రాలేదు, ఈలోగా వాన పడి వడ్లు మొలకెత్తినయ్.

పోలీసులు డీసీఎం వ్యాన్ ఎక్కిస్తే పెనుగులాడొద్దు, ఖాళీ కాగితం మీద సంతకం అస్సలు పెట్టొద్దు. ఆడవాళ్లని పొద్దుగూకాక అరెస్టు చేయాలంటే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ పర్మిషన్ కూడా కావాలి. సాయంత్రం వదిలేశారు కదా అని ఊరుకోకుండా ఎఫ్ఐఆర్ అయిందో లేదో కనుక్కోండి, మా వాళ్లలో ఒకతనికి తన మీద కేసుందని పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కి వచ్చినప్పుడే తెలిసింది.