పెయింట్‌బాల్ సిలిండర్‌లో గాలి నింపేటప్పుడు

మా కారు టైరులో గాలి ఒత్తిడి 35 పీఎస్‌ఐ. మా అబ్బాయి పెయింట్‌బాల్ మార్కర్‌కు (రంగు గుళ్లు పేల్చే ఆట తుపాకీకి) బిగించే చిన్న సిలిండర్‌లో 3000. అందుకే డాలస్‌లో మా గరాజ్‌లో పెద్ద స్కూబా సిలిండర్ (నీటి అడుగున ఈదేవాళ్లు వాడేది) నుంచి దాన్ని నింపేటప్పుడు నేను ఫోన్ కూడా ఎత్తను.

ముందు సిలిండర్ మెడ దగ్గర చెక్కిన నెల, సంవత్సరం చూడండి. ఇక్కడ అల్యూమినియం సిలిండర్లకు 5 ఏళ్లకోసారి హైడ్రో టెస్ట్ చేయించాలి. నీళ్లు నింపి, 3000 దానికి 5000 దాకా ఒత్తిడి పెట్టి, ఉబ్బిన లోహం మళ్లీ సర్దుకుందో లేదో కొలుస్తారు. గడువు దాటినా, లోతైన గీతో సొట్టో కనిపించినా నింపకండి.

తర్వాత ఫిల్ నిపుల్‌ను, అంటే చిన్న సిలిండర్‌లోకి గాలి ఎక్కించే మొనను, పొడిగుడ్డతో తుడవండి. నూనె చుక్క కూడా తగలకూడదు. సైకిల్ పంపు నాలుగుసార్లు గట్టిగా కొడితే కింద చురుక్కుమంటుంది కదా, ఇక్కడా అంతే, కాకపోతే వేడి ఎన్నో రెట్లు. ఆ వేడికి నూనె అంటుకోవచ్చు. బిగుసుకుపోయిందని డబ్ల్యూడీ-40 (నూనె స్ప్రే) కొట్టేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

కళ్లద్దాలు పెట్టుకుని, బ్లీడ్ వాల్వ్ (గొట్టంలో మిగిలిన గాలిని బయటికి వదిలేది) మూసి, గొట్టం తగిలించి, ఒకసారి లాగి చూసుకోండి. ఇక స్కూబా వాల్వ్‌ను వెంట్రుకవాసి తిప్పండి. గేజ్ ముల్లు నిదానంగా పాకాలి, ఎగరకూడదు. నా ఇంకో చెయ్యి చిన్న సిలిండర్ మీదే ఉంటుంది. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, వేడెక్కితే వాల్వ్ మూసి ఆగుతాను. చల్లారాక ముల్లు కాస్త కిందికి దిగుతుంది. అప్పుడు మిగతాది నింపుకోవచ్చు. ఎలాగూ దిగుతుంది కదా అని ముందే 3000 దాటించకండి. పెద్ద సిలిండర్‌లో 2200 మిగిలితే చిన్నదీ అంతకు మించి నిండదు, ఎంతసేపు పట్టుకున్నా లాభం లేదు.

విప్పేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. పోయినేడు మా బావమరిది వాల్వ్ మూశాడు, వెంటనే గొట్టం కాలర్ (కొసన ఉండే, లాగి విప్పే రింగు) మీద వేళ్లు వేశాడు. నేను మణికట్టు పట్టుకుని ఆపాను. గొట్టంలో ఇంకా 2900 ఉంది, లాగి ఉంటే కొరడాలా కొట్టేది. బ్లీడ్ వాల్వ్ తిప్పి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగి, గొట్టం గేజ్ సున్నాకు వచ్చాకే కాలర్ ముట్టుకోవాలి. సులువుగా రాలేదంటే లోపల ఒత్తిడి మిగిలి ఉందన్నమాట. పటకారుతో లాగకండి, మళ్లీ బ్లీడ్ చేయండి.

చిన్న సిలిండర్ మూతికి ఉండే రెగ్యులేటర్ (ఒత్తిడి తగ్గించి గాలిని మార్కర్‌కు పంపేది) మీద చిన్న చిల్లులున్న ఇత్తడి స్క్రూల్లాంటివి కనిపిస్తాయి. అవి బర్స్ట్ డిస్కులు, ఒత్తిడి మితిమీరితే అవి పగిలి గాలి వదిలేస్తాయి. వాటికి ఎదురుగా మొహం పెట్టకండి. పగిలిన దాని చోట మామూలు బోల్టు బిగించకండి. ఆడే గ్రౌండ్‌లో 4500 దాకా నింపే స్టేషన్ దగ్గర నింపించుకుంటే, మీది 3000 సిలిండర్ అని నోటితో చెప్పండి, గేజ్ కూడా మీరే చూడండి.