బాఖ్ బి మైనర్ మాస్: క్వయర్ ఎక్కడ జారుతుంది, ఎలా సరిచేయాలి

ఈ మాస్ (చర్చి ప్రార్థన మాటలకు బాఖ్ కట్టిన పెద్ద బృందగాన కృతి; కింద వచ్చే క్రుసిఫిక్సుస్ లాంటి పేర్లు దాని భాగాలవి) అనగానే క్వయర్‌లో, అంటే గాయక బృందంలో, అందరికీ వేగంగా పరుగెత్తే స్వరాలంటేనే భయం. కానీ కచేరీలో ఎక్కువగా దెబ్బతినేది ఆర్కెస్ట్రా తప్పుకుని గొంతులు ఒంటరిగా మిగిలే చోట్ల. రిహార్సల్ సమయంలో పెద్ద భాగం వాటికే ఇవ్వాలి. ఇక్కడి లెక్కలు నలభై మంది ఔత్సాహికుల బృందానికి సరిపోతాయి.

క్రుసిఫిక్సుస్ ముగిసేసరికి శ్రుతి దిగిపోతోంది

ఆ సంగతి అప్పుడు తెలియదు. వెంటనే ఎట్ రెసుర్రెక్సిట్‌లో ట్రంపెట్లు అందుకోగానే తేడా బయటపడుతుంది.

కారణాలు రెండు. ఇందులో నాలుగు బార్ల (తాళపు గడుల) బేస్ వరుస, అంటే అడుగు స్వరాల వరుస, 13 సార్లు వస్తుంది. ప్రతిసారీ ఇ (E) నుంచి బి (B) దాకా అరస్వరం చొప్పున దిగుతుంది. పై గొంతుల్లోనూ అలాంటి దిగుడులే. దిగేటప్పుడు అరస్వరాన్ని అవసరానికి మించి కిందికి లాగడం గొంతుకు అలవాటు. రెండోది, చివర్లో ఫ్లూట్లు, వయొలిన్లు ఆగిపోయి కంటిన్యువో (చెల్లో, ఆర్గాన్ లాంటివి వాయించే అడుగు వరుస) ఒక్కటే మిగులుతుంది. అక్కడ మెల్లగా పాడాలని ఊపిరి కూడా వదిలేస్తారు, దాంతో శ్రుతి పడిపోతుంది.

సరిచేయడానికి మన శ్రుతిపెట్టె చక్కగా పనికొస్తుంది. ఇ అంటే మూడు శ్రుతి. దాన్ని మోగిస్తూ అందరూ బేస్ వరుసను ‘నూ’ అంటూ నెమ్మదిగా దిగాలి, అదే మెట్ల మీద వెనక్కి ఎక్కాలి. ఎక్కి వచ్చిన ఇ పెట్టెతో కలవకపోతే దిగేటప్పుడే జారినట్టు. ఆ తర్వాత ఎవరి భాగం వాళ్లు విడిగా చూసుకోవాలి. ఆర్కెస్ట్రా పాత పద్ధతిలో ‘ఎ’ (A) స్వరాన్ని 415 హెర్ట్జ్‌కి కడితే అంతా అరస్వరం తగ్గుతుంది కాబట్టి పెట్టెను రెండున్నరకు మార్చాలి. ఈ మార్పు కచేరీ వారంలో చేస్తే గొంతులు తడబడతాయి, కనీసం నెల ముందు నుంచే ఆ శ్రుతిలో సాధన చేయాలి.

కాన్ఫిటెయోర్ చివర అడాజియోలో (నెమ్మదిగా సాగే చోట) అందరూ తప్పిపోతున్నారు

మొత్తం కృతిలో క్వయర్‌కి ఇంతకన్నా కష్టమైన చోటు లేదని మా అభిప్రాయం. ఐదు గొంతులకు (విడివిడి వరుసలకు) తోడు కంటిన్యువో మాత్రమే. 121వ బార్ నుంచి 146 దాకా శ్రుతి ఒకచోట నిలవదు. ఒకే స్వరానికి ఒక బార్‌లో షార్ప్ పేరు, ఇంకో చోట ఫ్లాట్ పేరు ఉంటుంది. చూసి పాడేవాళ్లు దాన్ని కొత్త స్వరమనుకుని ఎక్కడికో దూకుతారు.

ముందు పెన్సిల్ పట్టండి. పేరు మారినా ధ్వని మారని ప్రతి స్వరాన్నీ గీతతో కలపండి. మీ స్వరం అంతకుముందే వేరే గొంతులో వినబడితే అక్కడ ఆ గొంతు పేరు రాసుకోండి. తర్వాత చివరి నాలుగు బార్లతో మొదలుపెట్టి వెనక్కి నాలుగేసి బార్లు కలుపుతూ రండి. తాళం వదిలేసి ఒక్కో కార్డ్‌ను (ఒకేసారి పలికే స్వరాల కూర్పును) నిలిపి, బేస్‌నీ దాని పంచమాన్నీ ముందు కలిపి, మిగిలినవి ఆ మీద చేర్చండి. పియానో వెంట వాయించకూడదు, ఆఖరి కార్డ్ దగ్గర మాత్రం ఒకసారి కొట్టి చూడాలి.

కుమ్ సాంక్టో స్పిరిటులో పరుగులు బరువెక్కి వేగం తగ్గుతోంది

ప్రతి స్వరానికీ ‘హ’ చేరుస్తున్నారని అర్థం. మొదటి ఫ్యూగ్‌లో (ఒకే వరుసను గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే చోట) కూడా కంటిన్యువో తప్ప ఆసరా లేదు కాబట్టి అది దాగదు. మెట్రోనోమ్ 60 మీద, బీట్‌కి నాలుగు స్వరాలు, తర్వాతి బీట్ మొదటి స్వరం దాకా పాడి ఆగండి. ముందు ‘డు’ మీద, అది తేటపడ్డాక మాటలతో. నాలుగేసి అంకెలు పెంచుతూ 108 దాకా వెళ్లండి. ఊపిరి కోసం ముడివేసిన పొడుగు స్వరం తర్వాత ఒక చిన్న స్వరం వదిలేయొచ్చు, పక్కవాళ్లూ అక్కడే వదలకుండా చూసుకోవాలి.

రెండో సోప్రానో (ఎత్తు స్త్రీ గొంతుల రెండో వరుస) వినబడటం లేదు

1714 నుంచి 1749 దాకా వేర్వేరు కాలాల్లో రాసినవాటిని చేర్చి కట్టిన కృతి కాబట్టి గొంతుల సంఖ్య మారుతూ ఉంటుంది. చాలా కోరస్‌లు ఐదు గొంతులవి, సాంక్టుస్ ఆరు, ఒసాన్నా ఎనిమిది, చివరి దోనా నోబిస్ నాలుగు. మంచి గొంతులన్నీ మొదటి సోప్రానోకి ఇచ్చి, మిగిలినవాళ్లను రెండోదాంట్లో వేయడమే తప్పు. బలాన్ని సమానంగా పంచండి. సాంక్టుస్‌లో ఆల్టోలు (కింది స్త్రీ గొంతులు) రెండుగా విడిపోతారు. ఒసాన్నాలో ఇరవైమంది చొప్పున రెండు క్వయర్లు. టెనార్లు (పై మగ గొంతులు) ఆరుగురే ఉంటే ముగ్గురేసి వస్తారు, వాళ్లను విడదీయకుండా పక్కపక్కన నిలబెట్టండి. ఎవరు ఏ వరుసో మొదటి రిహార్సల్‌కి ముందే స్కోర్‌లో రాసి ఇవ్వాలి.

గ్లోరియా బాగుంది, సాంక్టుస్‌కే గొంతులు అరిగిపోయాయి

మూడు ట్రంపెట్లు, టింపనీతో పోటీపడి అరిచినందువల్ల. ఆ వెలుగు ట్రంపెట్ల పని. క్వయర్ మాట స్పష్టంగా పలికితే ముప్పావు బలం చాలు. సోలోలప్పుడు కూర్చోవాలి, మంచినీళ్లు దగ్గరుండాలి. కచేరీకి ముందు కనీసం రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా పాడితేనే ఎక్కడ బలం దాచుకోవాలో గొంతుకు తెలుస్తుంది.

మొదటి ‘కైరీ’ కార్డే వణుకుతోంది

ముందు వాయిద్య సంగీతం లేదు, ఆర్కెస్ట్రాతో పాటే ఎత్తుకోవాలి. వాద్యాలు శ్రుతి చేసుకునే ‘ఎ’ స్వరాన్ని మనసులో పట్టుకుని, ఒక పూర్తి స్వరం పైకి వెళ్తే బి దొరుకుతుంది. అక్కడి నుంచి ఎవరి స్వరం వాళ్లు నోరు మూసి వెతుక్కుని, కండక్టర్ చెయ్యి లేచేసరికే ‘కై’కి నోరు తెరిచి ఊపిరి తీసుకుని ఉండాలి.