సోలార్ సెల్ పరిశోధన: ల్యాబ్ ఎంపిక నుంచి మొదటి ఫిల్మ్ దాకా

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినా, కెమిస్ట్రీ చేసినా సోలార్ మెటీరియల్స్‌లో పీహెచ్‌డీకి అడ్డేమీ లేదు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం. హైదరాబాద్‌లో చోట్లకూ కొదవ లేదు: తార్నాకలో ఐఐసీటీ (రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ), బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ (అధునాతన పదార్థాల పరిశోధన కేంద్రం), గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, కందిలో ఐఐటీ.

గైడ్ పేపర్లు ఎలాగూ చదువుతారు. అది చాలదు. ఆ ల్యాబ్ స్కాలర్లను క్యాంటీన్లో కలిసి అడగండి: గ్లోవ్ బాక్స్ (గాలి, తేమ చొరబడని పెట్టె) ఈ ఏడాది ఎన్ని నెలలు పనిచేసింది? సోలార్ సిమ్యులేటర్‌ను (ఎండలాంటి వెలుగునిచ్చే దీపాన్ని) రిఫరెన్స్ సెల్‌తో చివరిసారి ఎప్పుడు సరిచూశారు? సెల్ మీద వేసే గోల్డ్ కోటింగ్‌కు ఎన్నాళ్లు ఆగాలి? జవాబులకు నీళ్లు నమిలితే ఇంకో ల్యాబ్ చూసుకోవడమే మేలు.

చేరాక వెంటనే సెల్ జోలికి పోకండి. ముందు ఫిల్మ్, అంటే వెలుగును పీల్చే పలుచని పొర, కుదరాలి. పెరోవ్‌స్కైట్ (ఒక రకం స్ఫటిక నిర్మాణమున్న పదార్థం) అయితే మిథైల్ అమ్మోనియం లెడ్ అయోడైడ్‌తో మొదలుపెట్టండి. లెడ్ అయోడైడ్ 461 మి.గ్రా., మిథైల్ అమ్మోనియం అయోడైడ్ 159 మి.గ్రా. తూచి, డీఎంఎఫ్, డీఎంఎస్‌ఓ అనే ద్రావణులను 4:1 పాళ్లలో కలిపిన 1 మి.లీ. ద్రావణిలో కరిగించాలి. ఇందులో సీసం ఉంది. పైగా ఈ ద్రావణులు చర్మంలోంచి లోపలికి పోతాయి. గ్లోవ్స్ మీద చుక్క పడితే వెంటనే మార్చండి, మిగిలింది సింకులో పొయ్యొద్దు.

గాజును సబ్బునీళ్లు, డీఐ వాటర్ (అయాన్లు తీసిన నీరు), అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)లలో వరసగా 15 నిమిషాల చొప్పున సోనికేట్ చేసి (ధ్వని తరంగాలతో కడిగి), యూవీ ఓజోన్ క్లీనర్‌లో పెట్టండి. దాని మీద ద్రావణం వేసి, స్పిన్ కోటర్‌లో 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద 30 సెకన్లు తిప్పుతూ, 10వ సెకను ప్రాంతంలో క్లోరోబెంజీన్ ఒక్క ఊపున వదలాలి. అసలు కిటుకంతా ఇక్కడే. తొందరపడితే ఫిల్మ్‌లో సూదిబెజ్జాలు, ఆలస్యమైతే పాలపొర. రెండేసి సెకన్లు మారుస్తూ మీ ల్యాబ్‌కు కుదిరే క్షణాన్ని పట్టుకోండి. తర్వాత 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడి చేయాలి.

నల్లగా, అద్దంలా వస్తే ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్‌రేలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్షకు) పంపండి. 14.1 డిగ్రీల దగ్గరి పీక్ మీకు కావలసింది, 12.7 దగ్గరిది లెడ్ అయోడైడ్. అది తాజా ఫిల్మ్‌లోనే కనిపిస్తే తూకం తప్పింది, లేదా వేడి ఎక్కువైంది. ఒకటి రెండు రోజులకు పెరిగితే గాలిలో తేమే కారణం. జులై, ఆగస్టుల్లో గ్లోవ్ బాక్స్ బయట చేసిన ఫిల్మ్ పసుపెక్కడం మామూలే. కాబట్టి ప్రతి ఫిల్మ్ పక్కన ఆ రోజు తేమ శాతం రాసిపెట్టండి. నోట్‌బుక్‌లో అందరూ వదిలేసే గడి ఇదే.

సెల్ దశకు వచ్చాక మాస్క్ (వెలుగు పడే వైశాల్యాన్ని నిర్ణయించే రంధ్రమున్న రేకు) లేకుండా కొలవొద్దు. జేవీ స్కాన్ (వోల్టేజీ మారుస్తూ కరెంట్ కొలవడం) రెండు దిక్కులా తీయండి. ఈ పదార్థానికుండే 1.6 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టుల) బ్యాండ్ గ్యాప్‌కు, అంటే ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కావలసిన కనీస శక్తికి, కరెంట్ గరిష్ఠంగా చదరపు సెంటీమీటరుకు సుమారు 25 మిల్లీ ఆంపియర్లు. మీకు 27 వచ్చిందంటే గైడ్‌కు చూపించే ముందు సిమ్యులేటర్ దీపాన్నీ, మాస్క్ వైశాల్యాన్నీ మళ్లీ కొలవండి.