బెజవాడలో కొత్తరకం బొమ్మల్ని, బొమ్మలేసేవాళ్లని పట్టుకోవడం ఎలా?

బెజవాడ, గుంటూరుల్లో ఆర్ట్ గ్యాలరీలు తిరగాలంటే ఒక్క పూట చాలు. ఆర్టిస్టుల్ని వెతకాలంటే మాత్రం ఓపిక కావాలి. బొమ్మ గోడకెక్కక ముందు ఎక్కడెక్కడ తిరుగుతుందో అక్కడ కాపు కాయాలి.

అన్నిటికన్నా బాగా పనిచేసేది ఫ్రేములు కట్టే షాపు. దేవుడి పటాలూ పెళ్లి ఫోటోలూ మాత్రమే కట్టేవాళ్ల దగ్గర పని జరగదు. లోపలికెళ్లి "కాన్వాసు చట్రానికి లాగి బిగిస్తారా? మౌంట్ బోర్డు కోస్తారా?" అని అడగండి. మౌంట్ బోర్డంటే ఫ్రేములో కాగితం బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట. రెండూ చేస్తామంటే అక్కడికి ఆర్టిస్టులు వస్తున్నట్టే. గోడవారగా నిలబెట్టిన పనులు చూడనివ్వమనండి. ఒకే చేతి బొమ్మలు పది, పదిహేను వరసగా కనిపిస్తే ఎవరిదో ఎగ్జిబిషన్ దగ్గర్లో ఉందన్నమాట. నచ్చితే షాపాయన్ని ఆర్టిస్టు నంబరు అడక్కండి, ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. మీ నంబరు చీటీ మీద రాసి, ఏ బొమ్మ నచ్చిందో కూడా రాసి వదిలిరండి.

రెండో దారి పుస్తకాలు. ఏలూరు రోడ్డు షాపుల్లోనో, జనవరి పుస్తకాల పండక్కో కవితా సంపుటాలు తిరగేయండి. టైటిల్ పేజీ వెనక "ముఖచిత్రం" అని ఓ లైను ఉంటుంది. సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే కవి అమ్మకాల లెక్క చూసుకోడు. తనకి నచ్చిన ఆర్టిస్టుకి అట్ట వదిలేస్తాడు. అందుకే వింత బొమ్మలు అక్కడ దొరుకుతాయి. ఒకే పేరు రెండు మూడు అట్టల మీద తగిలితే రాసుకోండి. "కవర్ డిజైన్" అన్న పేరుతో మాత్రం జాగ్రత్త. అది అక్షరాలు పేర్చినవాళ్లది కావచ్చు, బొమ్మ వేసింది ఇంకొకరు కావచ్చు.

శిల్పాలు కావాలంటే తెనాలి వెళ్లాలి. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్రల సూర్య శిల్పశాల అక్కడే. 2021లో ఇనుప తుక్కుతో 14 అడుగుల మోదీ విగ్రహం చేసింది వీళ్లే. తుక్కు శిల్పాన్ని ముందు పది అడుగుల దూరం నుంచి, తర్వాత జానెడు దూరం నుంచి చూడండి. దగ్గరికెళ్లినా నట్టు నట్టులాగే ఉంటూ, దూరం నుంచి చెంపో కనుబొమ్మో అయిందంటే అది పనితనం. తుప్పు ముందు వెల్డింగ్ అతుకుల దగ్గరే పడుతుంది. అక్కడ వేలుపెట్టి రాస్తే పొడి రాలిందా, పైపూత సరిగా పడలేదు.

కుర్ర ఆర్టిస్టుల కోసం హైదరాబాద్ జేఎన్ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లోనూ, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఫైనార్ట్స్ ఆఖరి ఏడాది వాళ్ల ప్రదర్శనలు కనిపెట్టుకుని ఉండండి. రంగులద్దిన పెద్ద పెద్ద స్త్రీ తలల శిల్పాలతో పేరుపడ్డ జి. రవీందర్ రెడ్డి పాఠాలు చెప్పింది విశాఖలోనే. ఇన్‌స్టా కూడా పనికొస్తుంది గానీ, లైకులు చూసి కాదు, మీకు నచ్చిన ఆర్టిస్టు ఎవర్ని ఫాలో అవుతున్నారో చూసి వెళ్లండి.

స్టూడియోకి వెళ్లేముందు మెసేజ్‌లో మూడే ముక్కలు రాయండి: ఏ పని చూశారు, ఎక్కడ చూశారు, ఎప్పుడు రావచ్చు. పగటి వెలుతురులోనే వెళ్లండి, ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుంది. పూర్తయినవాటితో పాటు పక్కన పడేసినవీ చూపించమనండి. సోఫా రంగుకి మ్యాచ్ అయ్యేది వేసిస్తారా అని మాత్రం అడక్కండి.

కొనేటప్పుడు ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. చేత్తో మందంగా వేసిన రంగుకి గట్లు కనిపిస్తాయి. అంతా నున్నగా ఉంటే భూతద్దం తీయండి. సన్న చుక్కలు కనిపిస్తే అది ప్రింటరు లోంచి వచ్చిందే. ఎచింగ్ (లోహపు రేకు మీద గీతలు దించి, కాగితం మీద ఒత్తిన అచ్చు) అయితే బొమ్మ చుట్టూ రేకు ఒత్తిన పల్లం తెలియాలి. కింద పెన్సిల్‌తో సంతకం, 3/15 లాంటి అంకె సాధారణంగా ఉంటాయి. పదిహేను కాపీల్లో మూడోదని దానర్థం.

మన దగ్గర వానాకాలపు తేమకి కాగితం బొమ్మలే ముందు పాడవుతాయి. కాగితం అద్దానికి తగిలితే అతుక్కుని బూజు పడుతుంది, కాబట్టి మధ్యలో మౌంట్ బోర్డు తప్పనిసరి. అదీ యాసిడ్ లేనిదే అడగండి. సెల్లోటేపుతో అంటిస్తానంటే ఒప్పుకోవద్దు, కొన్నేళ్లకే పసుపు మరక దిగుతుంది. బాత్రూము గోడకీ, వాన కొట్టే బయటి గోడకీ తగిలించకండి. రసీదు మీద బొమ్మ పేరు, సైజు, దేనితో వేశారు, ఏ ఏడాది, ఎంతకి కొన్నారు అన్నవన్నీ రాయించి ఆర్టిస్టు సంతకం తీసుకోండి.