మెడ వాపు, మెడ దెబ్బ: ఏ లక్షణం దేనికి గుర్తు, ఏం చేయాలి

మెడలో ఊపిరి దారి, అన్నం దిగే దారి, మెదడుకు రక్తం మోసే నాళాలు, వెన్నుపాము అన్నీ పక్కపక్కనే ఉంటాయి. అందుకే వాపు సైజు కన్నా ఊపిరి, మాట, మింగడం ఎలా ఉన్నాయో ముందు చూడాలి. గాలి పీల్చినప్పుడు కూత వస్తున్నా, పడుకోలేక ముందుకు వంగి కూర్చుంటున్నా, ఉమ్ము మింగలేక చొంగ కారుతున్నా కింద చెప్పినవేవీ చదువుతూ కూర్చోవద్దు. వెంటనే అంబులెన్స్ పిలవండి.

సమస్య: పన్ను నొప్పి తర్వాత దవడ కింద రెండు వైపులా గట్టి వాపు

కారణం: కింది దవడ చివరి పళ్ళ వేళ్ళు లోతుగా దిగి ఉంటాయి. అక్కడి ఇన్ఫెక్షన్ నాలుక కింది భాగంలోకి పాకుతుంది. దీన్ని 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వివరించాడు, ఆయన పేరుతోనే లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. నాలుక పైకి లేచి వెనక్కి తోసుకుపోతుంది. నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టు మాట మారిపోతుంది. ఊపిరి కొన్ని గంటల్లోనే మూసుకుపోవచ్చు.

పరిష్కారం: ఇంట్లో కాపడం, నొప్పి మాత్రలతో కాలం గడపకండి. మాత్రకు నొప్పి తగ్గితే వాపు కూడా తగ్గుతోందని భ్రమపడతాం, అసలు ప్రమాదం అదే. ఆస్పత్రిలో ముందు ఊపిరి దారిని కాపాడతారు. అవసరమైతే గొంతు ముందు భాగంలో రంధ్రం చేసి ట్యూబ్ పెడతారు. తర్వాత నరం ద్వారా యాంటీబయాటిక్స్, సీటీ స్కాన్, చీము ఉంటే తీసేయడం, పాడైన పన్ను పీకడం.

సమస్య: చిన్న పిల్లలకు జ్వరం, మెడ తిప్పడం లేదు, తల వెనక్కి ఎత్తనివ్వడం లేదు

కారణం: గొంతు వెనక, వెన్నుపూసల ముందు చీము చేరి ఉండొచ్చు. ఐదేళ్ళలోపు పిల్లల్లో ఇది ఎక్కువ. అక్కడి నుంచి ఛాతీలోకి దిగే దారి కూడా ఉంది. చొంగ, కూత కూడా ఉంటే నాలుక మొదట్లో, ఊపిరి దారికి మూతలా ఉండే ఎపిగ్లాటిస్ వాచి ఉండొచ్చు.

పరిష్కారం: స్పూన్‌తో నాలుక నొక్కి గొంతు చూడకండి. ఊపిరి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. పిల్లను ఏడిపించకుండా, తను కూర్చున్న తీరులోనే ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళండి.

సమస్య: గొంతు ఒక వైపే నొప్పి, నోరు పూర్తిగా తెరుచుకోదు

టాన్సిల్ పక్కన చీము. కొండనాలుక అవతలి వైపుకు ఒరిగి కనిపిస్తుంది. సూదితో చీము లాగి యాంటీబయాటిక్స్ ఇస్తే చాలామందికి త్వరగా ఉపశమనం వస్తుంది.

జ్వరం, తలనొప్పితో మెడ బిగుసుకుపోయి గడ్డం ఛాతీకి తగలకపోతే అది మెడ సమస్య కాకపోవచ్చు. మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్ అనుకుని అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్ళాలి.

సమస్య: పడ్డాక లేదా ప్రమాదం తర్వాత మెడ మధ్యలో నొప్పి, చేతుల్లో తిమ్మిరి

కారణం: వెన్నుపూస విరిగి ఉండొచ్చు. ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి ఆడించే కండరం డయాఫ్రం. దాన్ని నడిపే నరం మెడలోని వెన్నుపాము మూడు, నాలుగు, ఐదో స్థాయిల నుంచి వస్తుంది. ఆ ఎత్తున వెన్నుపాము దెబ్బతింటే ఊపిరే ఆగిపోవచ్చు.

పరిష్కారం: లేపి కూర్చోబెట్టకండి, నీళ్ళు తాగించకండి. రెండు చేతులతో తలను ఉన్నచోటే కదలకుండా పట్టుకోండి. వాంతి వస్తే తల, మెడ, నడుం ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి పక్కకు తిప్పాలి. 65 ఏళ్ళు దాటినవాళ్ళు, మూడడుగుల ఎత్తు లేదా ఐదు మెట్ల మీద నుంచి పడ్డవాళ్ళు నొప్పి కొంచెమే ఉన్నా స్కాన్ చేయించుకోవాలి.

సమస్య: మెడకు కోత, గుచ్చుకున్న గాయం

శుభ్రమైన బట్టతో గాయం మీదే గట్టిగా అదిమి పట్టండి. మెడ చుట్టూ కట్టు బిగించకండి. గుచ్చుకున్న వస్తువు పీకకండి, ఆపరేషన్ గదిలో తీస్తారు.

సమస్య: గొంతు నులిమారు, బయట గుర్తే లేదు

దీన్నే అందరూ తేలిగ్గా తీసుకుంటారు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కాసేపు స్పృహ తప్పడం, వీటిలో ఏది జరిగినా మెడకు సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపించే స్కాన్) గురించి డాక్టర్‌ని అడగండి. రక్తనాళం లోపలి పొర చిరిగితే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. ముందే కనిపెడితే రక్తం గడ్డకట్టకుండా మందులిచ్చి ఆ ముప్పు తగ్గిస్తారు.