కట్టు వేసిన చేయి, కదిలే రోగి: ఎక్స్‌రే గదిలో వచ్చే చిక్కులు

ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు పల్లెల నుంచి వరంగల్‌కు ఎక్స్‌రే కోసం వచ్చేవారిలో చాలామంది బస్సులోనో ఆటోలోనో కుదుపులు ఓర్చుకుని, నొప్పితోనే టేబుల్ ఎక్కుతారు. వారికి చిత్రం మళ్లీ తీయడమంటే మరోసారి రేడియేషన్, మరోసారి నొప్పి. అందుకే తొలిసారే సరిగా రావడానికి ఏమి చేయాలో కొత్తగా చేరిన టెక్నీషియన్ల కోసం రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు కట్టు బయట కనిపించే వేళ్లను చూడాలి. వేళ్లు పాలిపోయినా, తిమ్మిరెక్కినా, మెల్లగా చాపబోతే భరించలేనంత నొప్పి వచ్చినా కట్టు లోపల వాపు పెరిగి రక్తప్రసరణకు అడ్డుపడుతోందని అనుమానించాలి. అప్పుడు ఎక్స్‌రే పక్కన పెట్టి వెంటనే డాక్టరును పిలవాలి, ఎందుకంటే కట్టును చీల్చవలసి రావచ్చు.

సమస్య: చిత్రం గరుకుగా ఉంది, ఎముక లోపలి అల్లిక కనిపించడం లేదు.

కారణం చాలాసార్లు ఒక్కటే: కట్టు లేని చేతికి వాడే కొలతలతోనే తీసి ఉంటారు. మనవాళ్లు సిమెంటు కట్టు అని పిలిచే పిండికట్టులో ఉండేది కాల్షియం సల్ఫేట్, అది ఎక్స్‌రే కిరణాలను బాగా అడ్డుకుంటుంది. కట్టు తడిగా ఉంటే అందులోని నీరు ఇంకొంత అడ్డుకుంటుంది, ఫైబర్ కట్టు అడ్డుకునేది మాత్రం తక్కువ. డిజిటల్ యంత్రంలో కిరణాలు చాలకపోయినా కంప్యూటర్ వెలుగును సరిచేసి చూపుతుంది కాబట్టి లోపం తెలుపులోనో నలుపులోనో కాక, ఆ గరుకుదనంలోనే బయటపడుతుంది.

ఫైబర్ కట్టుకు 3 నుంచి 4 కెవి (కిలోవోల్టులు, ఇవి పెరిగితే కిరణాలు ఎక్కువగా చొచ్చుకుపోతాయి), ఆరిన మామూలు పిండికట్టుకు 5 నుంచి 7 కెవి, తడి కట్టుకు లేదా మందమైన కట్టుకు 8 నుంచి 10 కెవి పెంచి మొదలుపెట్టవచ్చు, ఆపైన మీ యంత్రాన్ని బట్టి సవరించుకోవాలి. కట్టు ఎప్పుడు వేశారో రోగిని తప్పక అడగాలి, ఎందుకంటే పైకి గట్టిగా కనిపించినా పిండికట్టు లోపలిదాకా ఆరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. తడి కట్టును వేలి కొనలతో పట్టుకుంటే పడే గుంటలు ఆరాక చర్మాన్ని నొక్కుతాయి, కాబట్టి అరచేతుల మీదనే ఎత్తాలి.

సమస్య: కుడి ఎడమలు తెలిపే గుర్తు అక్షరం స్పష్టంగా ఉంది, ఎముక అంచులు మాత్రం చెదిరాయి.

దీని అర్థం చేయి కదిలింది, లేదా కింద క్యాసెట్ (చిత్రం పడే పలక) జారింది. రోగి మాట వినడం లేదని ఆ క్షణంలో అనిపిస్తుంది గాని, చాలామంది కదిలేది మొండితనంతో కాదు. ఆనుడు లేని బరువైన కట్టును గాలిలో ఆపి ఉంచడం వల్ల కండరాలు వణుకుతాయి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఏడేళ్ల బాబు చేతిని ఇద్దరం గట్టిగా పట్టుకుని మూడుసార్లు తీసినా చిత్రం చెదిరింది. నాలుగోసారి మోచేయి కింద, మణికట్టు కింద స్పాంజి దిమ్మలు పెట్టి, వాళ్ల అమ్మను వాడి కళ్ల ముందు నిలబెట్టి, చేయి వదిలేశాం. చిత్రం చక్కగా వచ్చింది. ఆ మూడు చిత్రాల రేడియేషన్ ఆ బిడ్డకు అనవసరంగా ఇచ్చామన్న బాధ నాకు నేటికీ ఉంది.

కాబట్టి విరిగిన చోటుకు పైనా కిందా ఉన్న కీళ్లు రెండింటికీ ఆధారం ఇచ్చి, కింది ఖాళీని స్పాంజితో నింపి, ఇసుక సంచిని చిత్రంలో పడనంత దూరంలో ఆనించాలి. అలాగే ఎక్స్‌పోజర్ సమయాన్ని తగ్గించాలి: 200 ఎంఏ (కిరణాలను పుట్టించే ట్యూబులో పారే కరెంటు, మిల్లీఆంపియర్లలో) మీద 0.1 సెకను ఇచ్చినా, 400 ఎంఏ మీద 0.05 సెకను ఇచ్చినా వచ్చేది అదే 20 ఎంఏఎస్ (ఎంఏను సెకన్లతో హెచ్చించిన లెక్క, అంటే కిరణాల మొత్తం), కాని కదలడానికి దొరికే వ్యవధి సగమవుతుంది. పసిపిల్లలను మెత్తని దుప్పటిలో చుట్టి, తీయవలసిన చేతిని మాత్రమే బయట ఉంచవచ్చు. వృద్ధులతో, "అవ్వా, టక్కుమని చప్పుడైతది, అప్పటిదాక గిట్లనే ఉండు" అని ముందే చెబితే ఉలిక్కిపడరు.

పట్టుకోక తప్పనప్పుడు బంధువుల్లో గర్భం లేనివారికి కిరణాలను ఆపే లెడ్ ఏప్రాన్ తొడిగి, వారి చేతులు కిరణాల దారిలోకి రాకుండా నిలబెట్టాలి. సిబ్బందిలో ఒకరే రోజూ ఆ పని చేయకూడదు.

సమస్య: రెండు చిత్రాలూ దాదాపు ఒకే కోణంలో వచ్చాయి.

నొప్పి వల్ల చేయి తిరగలేదని సగం తిప్పి వదిలేస్తే ఇలా జరుగుతుంది. చేతిని కాదు, ట్యూబును తిప్పాలి. క్యాసెట్‌ను చేతి పక్కన నిలబెట్టి, కిరణాలను అడ్డంగా పంపితే రోగిని కదపకుండానే 90 డిగ్రీల తేడా వస్తుంది. ఎముకను సరిచేసి కట్టు వేశాక తీసే చిత్రాల్లో ఇది మరీ ముఖ్యం, ఒక వైపు నుంచి తిన్నగా కనిపించే ఎముక రెండో వైపు నుంచి వంగి ఉండవచ్చు.

సమస్య: విరిగినట్టు ఒక గీత కనిపిస్తోంది, అది నిజమేనా?

ఆ గీత ఎముక అంచు దాటి బయటకు కూడా సాగితే అది కట్టులోని మడత కావచ్చు. నాటు వైద్యుల పసరు కట్టులో వెదురు బద్దలు ఉంటే వాటి నీడలు కూడా ఎముక మీద పడతాయి. ఆ కట్టును మనంతట మనం విప్పకూడదు, చీటీ మీద రాసి డాక్టరుకు తెలపాలి.

సమస్య: కట్టుతో ఉన్న రోగిని ఎంఆర్ఐకి పంపమన్నారు.

పిండికట్టుకు, ఫైబర్ కట్టుకు అయస్కాంత గుణం లేదు. ప్రమాదం చుట్టూ ఉన్నవాటి నుంచి వస్తుంది. థామస్ స్ప్లింట్ వంటి ఉక్కు ఆధారాలను, ఎముకకు బిగించిన కడ్డీలను గురించి ఎంఆర్ఐ సిబ్బందికి ముందే చెప్పాలి. ఎక్స్‌రే గదిలోని ఇసుక సంచులను వెంట పంపకూడదు, కొన్ని సంచుల్లో ఇసుకకు బదులు ఇనుప గుళికలు ఉంటాయి, అయస్కాంతం వాటిని రోగి ఉన్న వైపే లాగుతుంది. అక్కడ స్పాంజి దిమ్మలు, గుడ్డ పట్టీలు చాలు.